కొన్న పాటయు నద్దె పాటయు

మేమెరిగిన యొక గృహమున మూడు తరములవారి సంగీతము గలదు. తాతగారి కొయ్యపెట్టెలో నలువది వరకు గ్రామఫోను ప్లేట్లున్నవి. వానిలో పౌరాణిక నాటక పద్యములే హెచ్చు. కొన్నిటి యంచులు విరిగినవి, గరగర శబ్దము హెచ్చినది. అయినను ముల్లు మార్చి కీ యిచ్చినచో నేటికిని పాడుచున్నవి. తండ్రిగారి రేకుపెట్టెలో క్యాసెట్లున్నవి. సగము బూజుపట్టి చెడినవి, సగము వినదగియున్నవి. మనుమనికి పెట్టె లేదు. పదునైదేండ్ల క్రిందట నతడు రొక్కమిచ్చి తన సెల్‌ఫోనులోనికి డౌన్‌లోడు చేసికొన్న పాటలు ఆ ఫోను చెడగానే పోయినవి. వానిని వేరొక యంత్రమున కెక్కించుటకు వీలులేకుండ నమ్మినవారు ముందే తాళము వేసియుండిరి. అమ్మిన యంగడియు నిప్పుడు లేదు.

మువ్వురును పాటకు వెల యిచ్చినవారే. మొదటివాని సొత్తు మనుమల వరకు వచ్చినది. మూడవవాని సొత్తు వాని చేతనే నిలువలేదు. ఇట్లేల జరిగెను? నవీన యంత్రములు పనికిమాలినవని కొందరందురు. యువజనులకు దాచుకొను బుద్ధి లేదని మరికొందరందురు. ఈ రెండు మాటలును నిజము కావని మా యభిప్రాయము. పాట యే వస్తువు మీద నమ్ముడుపోవుచు వచ్చినదో, ఆ వస్తువుతోపాటు కొన్నవానికి సంక్రమించు హక్కు లేవియో, ఆ వస్తువు మాయమైనప్పుడు ఆ హక్కులు ఏమయ్యెనో విచారించినగాని యీ ప్రశ్నకు సమాధానము దొరకదు. కావున నా చరిత్రను సంగ్రహముగ జదువరుల ముందుంచుచున్నాము.

1877వ సంవత్సరమున ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించువరకు పాట పాడువాని కంఠమును విడిచి మనలేదు. పాటకుడు లేనిచోట పాట లేదు. 1887లో ఎమిలీ బెర్లినర్ అనునతడు గుండ్రని రేకు మీద ధ్వనిని గీయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. స్తూపము నకలు తీయుట కష్టము. బిళ్ళను అచ్చునొత్తి వేలకొలది తీయవచ్చును. సంగీతము వర్తకద్రవ్యమగుటకు మూలమీ యచ్చు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను శబ్దగ్రాహకుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను బట్టినప్పుడు ఆమె ప్రతి పాట చివరను తన పేరును ఇంగ్లీషున జెప్పుచుండెడిది. ఆ పాటలు జర్మనీలోని హానోవరు పట్టణమున నచ్చుపడవలసి యుండెను. అచ్చటి పనివారికి ఏ బిళ్ళ యెవరిదో తెలియుటకే యా మాట. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసినపిదప ఆ పని మన దేశముననే జరుగజొచ్చెను.

వస్తువు పాటను మోయుటయే గాక పాటను గోసినది కూడ. పది అంగుళముల బిళ్ళ యొక ప్రక్కన మూడు నిమిషములకంటె నెక్కువ పట్టదు. గంటసేపు సాగు రాగాలాపన మూడు నిమిషములకు గుదింపబడెను. నాటకరంగమున శ్రోతలు వన్స్‌మోరనినకొలది సాగదీయబడు పద్యము ప్లేటు మీద కొలతకు లోబడెను. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు పెద్ద రికార్డును విడుదల చేసినప్పుడు ఒక్కొక్క ప్రక్కను ఇరువది నిమిషములకు పైగా బాడుట సాధ్యమయ్యెను. పదిపండ్రెండు పాటల నొక గుత్తిగ గట్టి యమ్ము ఆల్బము అను పద్ధతి యిందువలన స్థిరపడెను. ఆ గుత్తిలో మనకు వలసినవి రెండే యైనను పండ్రెంటికిని వెల చెల్లింపక తప్పదు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

వస్తువుతోపాటు కొన్నవానికి మరియొక లాభము కలిగెను. 1908లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ముందునకు ఒక గ్రంథ ప్రకాశకుని వ్యాజ్యము వచ్చినది. తన నవలను ఒక డాలరుకంటె తక్కువకు ఎవ్వరును అమ్మరాదని యతడు పుస్తకములోనే యచ్చువేసెను. ఒక పెద్ద యంగడివారు దానిని 89 సెంట్లకమ్మిరి. న్యాయస్థానము అంగడివారి పక్షమున దీర్పు చెప్పినది. ఒకసారి యమ్మిన ప్రతిపై అమ్మినవానికి మరల నధికారము లేదనియు, కొన్నవాడు దానిని తన యిష్టమువచ్చిన వెలకమ్ముకొనవచ్చుననియు దాని తాత్పర్యము. కొత్త ప్రతులు తీయు హక్కు మాత్రము కర్తదే. ఈ న్యాయమే రికార్డులకును వర్తించినది. కావుననే పాత రికార్డుల యంగళ్ళు వెలసినవి, స్నేహితులు ఎరువిచ్చుకొనిరి, తండ్రులు కొడుకులకు విడిచిపోయిరి. చేతికి దగులు వస్తువు ఒకటి యుండుటచేతనే యీ హక్కు ఇంత తేలికగ నడచినది. పాటను గొన్నామా, రేకును గొన్నామా యని విచారింపవలసిన పని యెవ్వరికిని లేకపోయెను.

1963లో ఫిలిప్సు కంపెనీ తెచ్చిన క్యాసెట్టు ఈ యేర్పాటును మొదటిసారి కదల్చినది. అప్పటివరకు అచ్చుయంత్రము కంపెనీ యొద్దనే యుండెను. క్యాసెట్టుతో నకలుతీయు యంత్రము ప్రతి యింటికిని వచ్చెను. మన దేశమున 1980వ దశకమున దీని ప్రభావము మిక్కుటమైనది. ఒక్క గొప్ప కంపెనీ చేతనున్న వ్యాపారము వందల చిన్న కంపెనీల పాలయ్యెను. భజనలు, జానపద గేయములు, బుర్రకథలు, హరికథలు పల్లెల వరకు బోయెను. దొంగ ప్రతులును ఆ త్రోవనే పోయెను. మేలును గీడును ఒకే దారమున వచ్చినవని యప్పుడే తెలిసినది; అయినను నకలు తీసినకొలది ధ్వని మాసిపోవుచుండుటచే అసలునకు విలువ కొంత మిగిలియుండెను.

ఆ మిగిలిన విలువను సీడీ తుడిచివేసినది. 1982 అక్టోబరులో ఫిలిప్సు, సోనీ కంపెనీల ఉమ్మడి కృషి ఫలముగ నిది జపానులో విక్రయమునకు వచ్చెను. ఇందు ధ్వని గీతగ గాక అంకెలుగ నుండును. సెకనునకు 44,100 పర్యాయములు ధ్వనిని గొలిచి, ఒక్కొక్క కొలతను పదునారు బిట్లలో వ్రాయుదురు. అంకెను నకలు తీసిన నది మాయదు. నూరవ ప్రతియు మొదటి ప్రతియు నొక్కటియే. కంపెనీలు ఈ అంకెలకు తాళము వేయలేదు. ఇంటింట గంప్యూటరు వచ్చి సీడీని జదువగల కాలము వచ్చునని వారు తలపలేదు. అప్పటికి వారికి గనబడినది లాభమే. ప్లేట్లును క్యాసెట్లును ఉన్నవారు సైతము అవే పాటలను సీడీలపై మరల గొనిరి. ఒక్క అమెరికాలోనే 2000వ సంవత్సరమున 94 కోట్ల సీడీలు అంగళ్ళకు బోయెను. 1999లో ఆ దేశపు రికార్డు వ్యాపారపు మొత్తము 1,460 కోట్ల డాలర్లు. సంగీత వ్యాపారమునకు అంతకుముందెన్నడును అట్టి వెలుగు లేదు. సీడీ వెల పదునైదు డాలర్ల పైమాట. కొన్నవాడు గోరినది తరచుగ నందలి ఒక్క పాట.

ఈ దశలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థయందు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ మొదలగు విజ్ఞానవేత్తలు చేయుచుండిన కృషి ఫలించినది. మనుష్యుని చెవి వినగల దానికంటె నధికముగ సీడీలో అంకెలున్నవి. గట్టి ధ్వని యొకటి మ్రోగుచుండగ దాని ప్రక్కనుండు సన్నని ధ్వని చెవికి దెలియదు. తెలియని దానిని వ్రాయుటెందులకు? ఇట్లు వినబడని భాగమును ద్రోసివేసి మిగిలినదానిని గుదించు పద్ధతియే ఎంపీ3. ఆ పేరు 1995లో స్థిరపడినది. సుజాన్ వేగా అను గాయని వాద్యము లేకుండ బాడిన యొక పాటను వారు మరల మరల పరీక్షకు వాడిరి. వట్టి కంఠము చెడినచో చెవి వెంటనే పట్టును గదా!

ఈ పద్ధతి యెంత మార్పు తెచ్చినదో లెక్కకట్టి చూడవచ్చును. సీడీలో సెకనునకు దాదాపు 14 లక్షల బిట్లుండును. ఆనాటి వాడుక ఎంపీ3లో 1,28,000 బిట్లే. అనగా పదునొకండవ వంతు. మూడు నిమిషముల పాటను ఆ కాలపు టెలిఫోను తీగె మీద నున్నదున్నట్లు దెచ్చుకొనుటకు గంటకు పైగా బట్టును. ఎంపీ3గ నైనచో ఏడెనిమిది నిమిషములు చాలును. గంట యోపిక లేనివానికి సైతము ఏడు నిమిషముల యోపిక యుండును. ఒక మహావ్యాపారము తలక్రిందగుటకు ఆ వ్యత్యాసము చాలినది.

1999 జూనులో అమెరికాలో ఇద్దరు యువకులు నాప్‌స్టర్ అను నేర్పాటును నెలకొల్పిరి. అందు పాటలొకచోట నుండవు. ఎవని కంప్యూటరులో నేపాట గలదో తెలుపు పట్టిక మాత్రమొకచోట నుండును. పాట ఒకరి యింటి నుండి మరియొకరి యింటికి నేరుగ బోవును. కోట్లకొలది జనులు చేరిరి. రికార్డు కంపెనీలు ఆ సంవత్సరము డిసెంబరులోనే వ్యాజ్యము వేసినవి. 2001 ఫిబ్రవరిలో న్యాయస్థానము వారి పక్షమున దీర్పు చెప్పగ, జులైలో నాప్‌స్టర్ మూతపడినది.

తీర్పు న్యాయమైనదే. పాటకుని శ్రమఫలమును వెలలేక తీసికొనుట ధర్మమని మే మెన్నడును చెప్పము. కాని న్యాయము గెలిచినపిదప కంపెనీలు చేసిన పని వివేకమైనది కాదు. జనులు కోరినది కేవలము ఉచితమే కాదు; ఒక్క పాట, వలసినప్పుడు, ఇంటనుండియే కావలెనని కోరిరి. ఆ కోరికను తీర్చు అంగడిని దెరువక, 2003 సెప్టెంబరు మొదలు కంపెనీల సంఘము వేలకొలది సామాన్య గృహస్థులపై వ్యాజ్యములు వేసెను. వారిలో పండ్రెండేండ్ల బాలిక యొకతె గలదు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ సీడీలలో నొక రహస్య ప్రోగ్రామును జొప్పించి, వెల యిచ్చి కొన్నవారి కంప్యూటర్లలో వారి యనుమతి లేకయే తిష్ఠవేయించినది. ఆ సంగతి బయటపడగ సీడీలను వెనుకకు దీసికొనవలసి వచ్చెను. దొంగిలించినవాని కంప్యూటరు క్షేమముగ నుండగ కొన్నవాని కంప్యూటరు చెడుట యెట్టి నీతి? వర్తకుడు గ్రాహకుని నమ్మనప్పుడు గ్రాహకుడు వర్తకుని నమ్మునా?

ఆ యంగడిని దెరచినవాడు సంగీత వర్తకుడు గాడు, కంప్యూటర్లమ్మువాడు. ఆపిల్ కంపెనీ 2001లో వేయి పాటలు పట్టు ఐపాడు అను చిన్న యంత్రమును విడిచి, 2003 ఏప్రిల్ 28న ఐట్యూన్స్ అంగడిని దెరచెను. రెండు లక్షల పాటలు; పాటకు 99 సెంట్లు. మొదటి వారముననే పది లక్షల పాటలు అమ్ముడుపోయెను. 2008 నాటికి అమెరికాలో సంగీతమమ్మువారిలో నదియే ప్రథమస్థానమందెను. 2010 ఫిబ్రవరికి వేయి కోట్ల పాటలమ్మినది. జనులు దొంగలే యగుదురను మాట యిందువలన నబద్ధమైనది. న్యాయమైన వెలకు సులభముగ దొరకిన దానిని కోట్లమంది కొనిరి.

ఇందొక విచిత్రము గలదు. పాటలకు తాళము వేయవలెనని పట్టుబట్టినవారు రికార్డు కంపెనీలు. ఆ తాళము ఆపిల్ వారిది; కావున ఐట్యూన్స్‌లో గొన్న పాట ఐపాడులోనే పలికెను. వందల పాటలు గొన్నవాడు మరియొక యంత్రమును గొనలేడు. తమ పాటను గాపాడుకొనుటకై కంపెనీలు వేయించిన తాళము చివరకు తమనే ఆపిల్ గుమ్మమునకు గట్టివేసినది. ఆ తప్పు దెలిసి, 2007లో ఈఎంఐ వారు మొదట తాళము దీసిరి. 2009లో ఐట్యూన్స్ పాటలన్నిటికిని తాళములు పోయినవి.

అయినను వ్యాపారపు మొత్తము పెరుగలేదు. 2015 నాటికి అమెరికాలో నది 670 కోట్ల డాలర్లకు దిగినది. 1999తో బోల్చిన సగముకంటె తక్కువ. దీనికంతటికిని దొంగతనమే కారణమని చెప్పుట పరిపాటి. మేము ముందు గుర్తుంచుకొనుమన్న సంగతి నిక్కడ దలచుకొనవలెను. పండ్రెండు పాటల గుత్తి విడిపోయినది. పదునైదు డాలర్లు తెచ్చుచుండిన కొనుగోలుదారుడు ఇప్పుడు తనకు వలసిన రెండు పాటలకు రెండు డాలర్లిచ్చి వెడలిపోయెను. అతడు దొంగ కాడు. పూర్వమతనిచే అక్కరలేనిది కొనిపించుచుండిరి, ఇప్పుడది లేదు. ఆల్బమును ఒక కావ్యమువలె గూర్చిన కళాకారులకు మాత్రమిది నిజమైన నష్టము. మధ్య పాటలలో దాగిన నిదానమైన రచనను వినువారు తగ్గిరి.

నష్టపడినవారిలో పేరు లేనివారే యెక్కువ. 1960లో కాలిఫోర్నియాలో బుట్టిన టవర్ రికార్డ్స్ 2006లో అప్పులపాలై అమెరికాలోని తన దుకాణములన్నిటిని మూసివేసినది. లండనులో 1921లో ఎల్గార్ చేతులమీదుగ దెరువబడిన హెచ్‌ఎంవీ అంగళ్ళ సంస్థ 2013లోను, 2018లోను దివాలా యధికారుల చేతికి బోయినది. అంగడి మూతపడినచో నష్టము అద్దె యిచ్చువానికే గాదు. ఇది విన్నవా, దీనికి మూలమది యని గ్రాహకునకు జెప్పు గుమాస్తా యొక విధమగు నుపాధ్యాయుడు. అతనికి బదులు నేడు లెక్కల యంత్రము మనము నిన్న విన్నదానిని బోలినదానినే యెదుట బెట్టుచున్నది.

మన దేశమున నీ కథ వేరు త్రోవ ద్రొక్కినది. ఇచ్చట డౌన్‌లోడు అంగడికి వేరు పట్టలేదు. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్టు వారు ఫ్లైట్ అను పేర నట్టి యంగడిని దెరచి, 2013 జూనులో మూసివేసిరి. అప్పటికి జనులు డౌన్‌లోడుకు వేరొక రూపమును గనుగొనియుండిరి. పేటపేటకు సెల్‌ఫోను దుకాణము, అందొక కంప్యూటరు, కొన్ని రూపాయలిచ్చిన మెమరీ కార్డు నిండ పాటలు. అంతకుముందు నూరు పాటల ఎంపీ3 సీడీలు కాలిబాటల మీద నమ్ముడుపోయెను. ఈ యమ్మకములో కవికి, స్వరకర్తకు, పాటకునికి ఒక దమ్మిడీ ముట్టలేదు. మరియొక ప్రక్క కాలర్ ట్యూను పేర, మనలను బిలుచువారు వినుటకై మనము నెలనెల రుసుము చెల్లించితిమి. పూర్తి పాటకు వెల యియ్యనివారు దాని తునకకు వెల యిచ్చిరి. ఏలయన నది ఫోను బిల్లులోనే తెగిపోవుచుండెను. సులభమగు చెల్లింపు మార్గమున్నచో మనవారును చెల్లింతురని యిది చాటుచున్నది.

అంగళ్ళు మాత్ర మిచ్చటను మూతపడినవి. కలకత్తా పార్కు వీధిలోని మ్యూజిక్ వరల్డ్ 2013లోను, బొంబాయిలోని రిథమ్ హౌస్ 2016లోను మూసివేయబడెను. తెలుగువారికి ఈ మార్పు సినిమా సభలలో స్పష్టముగ గనబడినది. ఆడియో విడుదల సభ యనినచో ముఖ్యాతిథి తొలి క్యాసెట్టును, పిదపి కాలమున తొలి సీడీని విప్పి మరియొకరి చేతికిచ్చుట ప్రధాన కార్యము. సీడీ కొనువారు లేకపోయి, పాటలు ఒకటొకటిగ నింటర్నెట్టులో ముందుగనే వెలువడుచుండుటచే ఆ సభకు పని లేకపోయెను. అదే వేదిక, అవే దండలు, అవే ప్రసంగములు. పేరు మాత్రము ప్రీ రిలీజ్ ఈవెంటైనది. చేతికిచ్చుటకు వస్తువే లేనప్పుడు ఇచ్చుట యెట్లు?

ఈ మార్పుల నడుమ మన దేశమున నొక సత్కార్యము జరిగినది. 1977లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి, సినిమాకు వ్రాసిన పాటపై హక్కు సామాన్యముగ నిర్మాతదే. కవియు స్వరకర్తయు ఒక్కసారి పుచ్చుకొన్న పారితోషికముతో దూరమగుచుండిరి. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టమును సవరించి, సినిమాహాలులో చిత్రముతో ప్రదర్శించుట దక్క నితరమగు నుపయోగములన్నిటిలోను రాయల్టీలో సమభాగము పొందు హక్కును వారు వదలుకొన్నను చెల్లదని శాసించినది. పాట వస్తువును విడిచి వేయి రూపముల దిరుగు కాలమున నీ సవరణము రాకున్నచో కవి యుపవాసము శాశ్వతమై యుండెడిది. చట్టము కాగితముపై నుండుట వేరు, లెక్కలు కవి యెదుట విప్పి చూపుట వేరు. ఆ రెండవది యింకను కొరతగనే యున్నది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. డౌన్‌లోడు చేసి కొన్నవాడు కొన్నదేమి? అమెరికాలో రీడిజి అను సంస్థ, జనులు న్యాయముగ గొన్న ఐట్యూన్స్ పాటలను పాత రికార్డులవలె మరల నమ్ముకొను నేర్పాటు చేసినది. కంపెనీలు వ్యాజ్యము వేసినవి. 2018 డిసెంబరులో పై న్యాయస్థానము దీర్పు చెప్పుచు, ఫైలును ఒకచోట నుండి మరియొకచోటికి బంపుటలో గొత్త ప్రతి పుట్టుననియు, కొత్త ప్రతి తీయు హక్కు కొన్నవానికి లేదనియు నిర్ణయించినది. 1908 నాటి న్యాయము చేతికి దగులు వస్తువున్నంతవరకే మనలను గాపాడినది. వస్తువు కరగిపోగానే యది కూడ గరగినది. మనము ప్లేటును విడిచినప్పుడు బరువును మాత్రమే విడిచితిమని తలచితిమి. దానిని అమ్ముకొను, ఇచ్చివేయు, వారసులకు విడుచు హక్కును సైతము విడిచితిమని తెలిసికొనలేదు.

ఇతర దృష్టాంతములు గలవు. 2008లో యాహూ వారు తమ సంగీతపు టంగడిని మూసి, తాళము తీయు యంత్రములను నిలిపివేసిరి. కొన్నవారికి బదులు రుసుము చీట్లిచ్చి చేతులు దులుపుకొనిరి. మైస్పేస్ అను స్థలమున 2015వ సంవత్సరమునకు బూర్వము కళాకారులు నిలిపిన పాటలు, యంత్రములను మార్చునప్పుడు పోయినవని 2019లో వెల్లడియైనది. అవి కోట్లలో నుండెననిరి. ఏ నిప్పు రాజలేదు, ఏ వరద రాలేదు. ఒక సంస్థ యజాగ్రత్త చాలినది.

ఈ లోపల డౌన్‌లోడు రాజ్యము తానే ముగిసినది. 2008లో ఐరోపాలో మొదలైన స్పాటిఫై మొదలగు స్ట్రీమింగు సంస్థలు పాటను అమ్మవు. నెలకింత యని పుచ్చుకొని వినిపించును. 2015లో అమెరికాలో స్ట్రీమింగు రాబడి డౌన్‌లోడు రాబడిని మించెను. 2016లో మన దేశమున మొబైలు డేటా వెల పడిపోయినపిదప నిచ్చటను అదే రాచబాట యయ్యెను. స్పాటిఫై 2019లో వచ్చినది. 2023లో అమెరికా వ్యాపారము 1,710 కోట్ల డాలర్లకు జేరినది. ద్రవ్యపు విలువ తగ్గుదల నెంచినచో 1999 నాటి స్థితి కింకను దూరమే. అందు స్ట్రీమింగు భాగము నూటికి 84. డౌన్‌లోడుల భాగము నూటికి 3 మాత్రమే.

వ్యాపారము బ్రతికినది, సంతోషమే. వినువానికిని సౌకర్యము గలిగినది. కోట్ల పాటలు చేతిలో నున్నవి. కాని సొమ్ము పంపకము నొకసారి చూడవలెను. మనము నెలకిచ్చు రుసుము మనము విన్న పాటకునికి బోవుననుకొందుము. అట్లు గాదు. సామాన్యముగ చందాదారులందరి రుసుమును ఒక కుప్పగ బోసి, మొత్తము మీద నెవరి పాట యెన్నిసార్లు మ్రోగెనో ఆ వంతున బంచుదురు. నెలంతయు త్యాగరాజ కృతులనే విన్నవాని రుసుములోను హెచ్చు భాగము అతడెన్నడు వినని జనరంజకములకే పోవచ్చును. 2024 మొదలు స్పాటిఫైలో సంవత్సరమునకు వేయిసార్లు మ్రోగని పాటకు ఆ కుప్పనుండి వాటా లేదు. పల్లెపదము పాడు వృద్ధురాలికి ఈ గీత యడ్డుగోడ కాదా?

ఇట్టి సమయమున జచ్చిపోయినదనుకొన్న ప్లేటు లేచివచ్చుట చదువరులకు వింతగ దోచును. 2020లో అమెరికాలో ప్లేట్ల రాబడి సీడీల రాబడిని మించినది. 1986 తరువాత నిదియే మొదటిసారి. 2022లో సంఖ్యలో సైతము మించినది, ప్లేట్లు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు. కొనువారిలో యువకులు పెక్కురు. వీరికి స్ట్రీమింగు లేక కాదు. వినుట కొకటి, దాచుకొనుట కొకటి. అయినను ఈ పునర్జన్మ మెంత బలహీనమో 2020 ఫిబ్రవరిలో దెలిసినది. ప్లేటుకు మూలమగు లక్కబిళ్ళలను జేయు కర్మాగారములు ప్రపంచమున రెండే యుండగ, కాలిఫోర్నియాలోని యొకటి కాలిపోయెను, మిగిలినది జపానులోనిది. డౌన్‌లోడును పూర్తిగ జావలేదు. 2008లో మొదలైన బాండ్‌క్యాంపు అను నంగడిలో శ్రోత తాళము లేని ఫైలును నేరుగ కళాకారుని యొద్ద గొనవచ్చును. అంగడివారు నూటికి పదునైదు వంతున దీసికొందురు. డౌన్‌లోడులో దోషము లేదు, తాళములోను ఒడంబడికలోను దోషమున్నదని దీనివలన ఋజువగుచున్నది.

కావున మా మనవి యిది. పాతదే మేలని ప్లేట్ల నెత్తుకొని ఊరేగుమని మేము చెప్పము. స్ట్రీమింగు వినుట తప్పుగాదు. కాని తనకు బ్రాణప్రదమగు పాటలను నాలుగింటినైన సొంతముగ గొని, తాళము లేని ప్రతిని రెండుచోట్ల దాచుకొనుట ప్రతి శ్రోతయు జేయవలసిన పని. అద్దె యిల్లు ఎంత విశాలమైనను వారసులకు రాదు.

వ్యక్తులు చేయలేనిది సమాజము చేయవలెను. 1954లో మన పార్లమెంటు చేసిన శాసనము ప్రతి గ్రంథమును నాలుగు గ్రంథాలయముల కర్పింపవలెనని విధించినది. 1956లో వార్తాపత్రికలను జేర్చినది. పాటకు మాత్ర మా గౌరవము లేదు. ఫ్రాన్సు దేశమున రికార్డులను జాతీయ గ్రంథాలయమున కర్పించు విధి 1938 నుండి నడచుచున్నది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభను గూర్చి, ఊరూర పుస్తక భాండాగారములను నిలిపిన తెలుగువారికి ఈ యాలోచన కొత్తది గాదు. నాడు పుస్తకము ధనికుని యింటి బీరువాలో నుండగ దానిని వీధి యరుగు మీదికి దెచ్చితిమి. నేడు పాట ఎక్కడనో యొక కంపెనీ యంత్రములో నున్నది. ఆ యంత్ర మాగిన దినమున మన పాట మనకు మిగులునట్లు చూచుట మన వంతు.

మొదట జెప్పిన గృహమున తాతగారి ప్లేట్లను ఈ మధ్యనే మనుమడు కంప్యూటరులోని కెక్కించెను. తాళము లేని ఫైళ్ళుగ జేసి మూడు ప్రతులు తీసి, ఒకదానిని ఊరి గ్రంథాలయమున కిచ్చినాడు. గరగర శబ్దమును తుడువలేదు. తన పాటలను బోగొట్టుకొన్నవాడు తాతగారి పాటలను నిలుపుట మాకు మిక్కిలి తృప్తి గలిగించినది.